ఐరావతీ తీరాన – మన పొరుగు దేశం బర్మా

తెలుగునాట పెద్ద ఇళ్ళలో ఒకప్పుడు ద్వారబంధాన్నో, పందిరి మంచాన్నో చూపించి "ఇది బర్మా టేకు" అంటే చాలు, దాని నాణ్యతను గురించి మరొక మాట చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. దీపాలకు కిరసనాయిలు పోసుకున్న తరానికి ఆ నూనె అమ్మిన కంపెనీ పేరు బర్మాషెల్. ఈనాడు మన వంటింట్లో ఇడ్లీకి నానబోసే మినప్పప్పులో కొంతభాగం ఆ దేశపు పొలాల నుండి వస్తున్నదే. కొయ్యగా, చమురుగా, పప్పుగా మన ఇళ్ళలోకి వచ్చిన ఆ దేశాన్ని గురించి మనకు తెలిసినది మాత్రం బహు స్వల్పం. ఈశాన్యాన అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్, మిజోరం రాష్ట్రాల వెంబడి 1,643 కిలోమీటర్ల మేర దానితో మనకు సరిహద్దు ఉన్నది. విశాఖపట్నం తీరాన నిలబడి నేరుగా తూర్పుకు చూస్తే, బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డు అదే.

నాకు ఆ దేశంతో పరిచయం ఒక పెట్టెతో మొదలైనది. మా తాతగారు ఉత్తర కోస్తాలో సముద్రానికి చేరువగా ఉన్న ఒక గ్రామంవారు. యుక్తవయస్సులోనే రంగూను వెళ్ళి, అక్కడ ఒక బియ్యపు మిల్లులో బస్తాలు లెక్కపెట్టే పనిలో కుదిరారు. మా ప్రాంతంలో ఎవరూ రంగూను అనేవారు కారు, "రంగం" అనేవారు. "రంగం వెళ్ళాడు" అంటే సంపాదనకు వెళ్ళాడని అర్థం. 1938లో ఊరికి తిరిగి వస్తున్న ఒక మిత్రుని వెంట ఆయన ఒక టేకు పెట్టెను ఇంటికి పంపించారు. పెట్టె స్టీమరు మీద వచ్చినది. నాలుగు సంవత్సరాల తరువాత పెట్టె యజమాని కాలినడకన వచ్చారు. ఆ నడక సంగతి తరువాత చెప్పుకొందాము.

2015 జనవరిలో సెలవు పెట్టి, నేనూ నా భార్యా ఆ దేశాన్ని చూచి వచ్చాము. అక్కడ చూచినదీ, అంతకు ముందూ తరువాతా చదివి తెలుసుకొన్నదీ మన పత్రిక పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. పేరును గురించి ఒక్క మాట. 1989లో అక్కడి సైనిక ప్రభుత్వం బర్మాను మయన్మార్‌గానూ, రంగూనును యాంగోన్‌గానూ మార్చినది. పాత సంగతులు చెప్పేటప్పుడు పాత పేర్లే వాడుతున్నాను.

నది చుట్టూ అల్లుకొన్న దేశం

మయన్మార్ వైశాల్యం సుమారు 6,76,000 చదరపు కిలోమీటర్లు. అంటే అవిభక్త ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు రెండున్నర రెట్లు. 2014 జనగణన ప్రకారం జనాభా 5 కోట్ల 15 లక్షలు మాత్రమే. దేశపటాన్ని ముందు పెట్టుకొని చూస్తే మూడు వైపులా కొండలు గుర్రపు నాడా ఆకారంలో కనిపిస్తాయి. పడమట అరకాన్ యోమా శ్రేణి, తూర్పున షాన్ పీఠభూమి, ఉత్తరాన హిమాలయాల తూర్పు కొస. ఆ ఉత్తరపు అంచునే 5,881 మీటర్ల ఎత్తైన హ్కాకాబో రాజీ శిఖరం ఉన్నది. ఆగ్నేయాసియాలో ఇంతకు మించిన శిఖరం లేదు. ఈ కొండల నడుమ, ఉత్తరం నుండి దక్షిణానికి, వెన్నెముక వలె ఐరావతి ప్రవహిస్తున్నది.

మలిఖా, మేఖా అనే రెండు కొండ నదులు మ్యిచీనా పట్టణానికి ఎగువన మ్యిత్‌సోన్ వద్ద కలిసి ఐరావతి అవుతాయి. అక్కడి నుండి సుమారు 2,170 కిలోమీటర్లు ప్రవహించి, దారిలో చింద్విన్ నదిని కలుపుకొని, తొమ్మిది పాయలుగా చీలి అండమాన్ సముద్రంలో పడుతుంది. ఇంద్రుని ఐరావతం పేరే ఈ నదికి వచ్చినదని చెబుతారు. సముద్రం నుండి భామో వరకు, దరిదాపు 1,500 కిలోమీటర్లు, పడవలు నడుస్తాయి. రైలూ రోడ్డూ లేని కాలంలో దేశానికి రాజవీథి ఇదే. 1865లో స్థాపితమైన ఐరావతీ ఫ్లొటిల్లా కంపెనీ ఒక దశలో ఆరువందలకు మించిన నౌకలతో ప్రపంచంలోనే అతిపెద్ద నదీ నౌకాదళంగా పేరొందినది. 1942లో జపాను సేన సమీపించినపుడు ఆ కంపెనీవారు తమ నౌకలను శత్రువు చేతికి చిక్కకుండా తామే నదిలో ముంచివేశారు.

మేము మాండలే నుండి బగాన్ వరకు ఒక పగటి పడవలో ప్రయాణం చేశాము. జనవరిలో నీరు తక్కువ, ఇసుక మేటలు ఎక్కువ. పడవ ముందు భాగాన ఒక మనిషి రంగు గీతలు వేసిన వెదురు గడను నీటిలో గ్రుచ్చి లోతు చూస్తూ, చుక్కాని దగ్గర ఉన్నవానికి కేక వేసి చెబుతున్నాడు. ఆ కేకలలో "హ్నిట్", "తోన్" అన్న మాటలు వినబడగానే నేను లేచి నిలబడ్డాను. మా తాతగారు వృద్ధాప్యంలో కూడా కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు "తిట్, హ్నిట్, తోన్, లే, ఙా" అని లెక్కపెట్టేవారు. పిల్లలం అది ఏదో మంత్రమనుకొనేవాళ్ళం. అవి బర్మా భాషలో ఒకటి నుండి ఐదు వరకు అంకెలు. ఆయన బతుకంతా ఆ అంకెల మీదనే గడిచినది కదా!

ప్రక్కన కూర్చున్న ఒక యువకుడు నా ఆశ్చర్యం చూచి ఇంగ్లీషులో పలకరించాడు. పకొక్కు దగ్గరి ఒక గ్రామంలో బడిపంతులు. వారి కుటుంబానికి కొద్దిపాటి మెట్ట పొలం ఉన్నది, కందులు, నువ్వులు వేస్తారు. మేము భారతదేశం నుండి వచ్చామని తెలియగానే అతడు అడిగిన మొదటి ప్రశ్న సినిమాలను గురించి కాదు, బుద్ధగయను గురించి కాదు. "మీ దేశంలో కందుల ధర ఎలా ఉన్నది?" అని. మయన్మార్‌లో పండే కందులను, మినుములను అత్యధికంగా కొనేది భారతదేశమే. వారు కందిపప్పు మనంత విరివిగా తినరు, మన కోసమే పండిస్తారు. అందుచేత అక్కడి రైతుకు ఢిల్లీలో వెలువడే ఒక ఉత్తర్వు వానకబురు వంటిది.

తాటితోపులు, ఇటుక గోపురాలు

ఉష్ణమండల దేశమంటే ఎడతెగని వర్షాలు, పచ్చని అడవులు అని మన ఊహ. అరకాన్ తీరాన ఏడాదికి 4,000 మిల్లీమీటర్లకు మించి వాన కురిసే మాట నిజమే. కాని ఆ మేఘాలను అరకాన్ యోమా అడ్డగించుట వలన దేశమధ్య భాగం వర్షచ్ఛాయలో పడిపోయినది. అక్కడ కొన్ని చోట్ల 700 మిల్లీమీటర్ల వాన కూడా గగనమే. ఎర్రనేల, తుమ్మ చెట్లు, వేరుసెనగ చేలు, ఎటు చూచినా తాటిచెట్లు. రాయలసీమలోనో, పలనాటిలోనో ఉన్నట్లే అనిపించినది. తాటికల్లు గీసేవారు నడుముకు ముంతలు కట్టుకొని తెల్లవారుఝామున చెట్టెక్కుతారు. రసాన్ని కాచి చిన్న చిన్న బెల్లపు ఉండలు చేస్తారు. భోజనానంతరం ఒక ఉండ నోట వేసుకోవడం అక్కడి ఆచారం.

విశేషమేమంటే బర్మా నాగరికత పుట్టినది ఈ ఎండు నేల మీదనే. చౌక్సే వంటి చోట్ల కొండవాగులకు ఆనకట్టలు కట్టి, కాలువలు త్రవ్వి పండించిన వరి ఒక సామ్రాజ్యాన్ని పోషించినది. 1044లో రాజ్యానికి వచ్చిన అనోరథ రాజు మొదలుకొని పదమూడవ శతాబ్దం చివరి వరకు బగాన్ రాజధానిగా వెలసిల్లినది. రాజులు, రాణులు, మంత్రులు, ధనికులు పుణ్యార్థం కట్టించిన ఆలయాలు, స్తూపాలు వేలసంఖ్యలో ఉండేవి. నేటికీ రెండువేలకు పైగా నిలిచి ఉన్నాయి. 1105 ప్రాంతంలో నిర్మితమైన ఆనంద దేవాలయంలో నలుదిక్కులా నాలుగు బుద్ధ విగ్రహాలు నిలబడి ఉంటాయి. ఉదయపు మంచులో ఆ గోపురాలన్నీ ఒక్కసారి కనబడే దృశ్యం చూచి తీరవలసినదే. దానిని వర్ణించే శక్తి నాకు లేదు. 2019లో యునెస్కో బగాన్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది.

అక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. ఇటుకతో కట్టినవన్నీ దేవుని ఇళ్ళే. రాజుగారి మేడ కూడా కొయ్యదే కనుక కాలంలో కలిసిపోయినది. ఆలయాలకు ధారపోసిన భూములకు పన్ను లేదు. దానాలు పెరిగిన కొద్దీ ఖజానా తరిగిపోయినదని, మంగోలుల దండయాత్ర నాటికి రాజ్యం లోలోపలే డొల్ల అయినదని వాదించే చరిత్రకారులున్నారు.

ఈ ప్రాంతంలో బర్మీయుల కంటె ముందు ప్యూ జాతివారు నగరాలు నిర్మించారు. వాటిలో ఒకటి బేతానో, అంటే విష్ణునగరం. అక్కడి త్రవ్వకాలలో బయటపడిన విహారాలకు, స్తూపాలకు మన నాగార్జునకొండ కట్టడాలతో పోలికలున్నవని పురాతత్త్వ శాస్త్రజ్ఞులు గుర్తించారు. దక్షిణ బర్మాలోని మోన్ జాతివారిని బర్మీయులు "తలైంగ్" అనేవారు. ఇది "తెలింగ" శబ్దం నుండి వచ్చినదని కొందరు అన్నారు, మరికొందరు ఒప్పుకోలేదు. పండితుల తగవు పండితులకే విడిచిపెట్టి, అంగళ్ళ మీది బోర్డులు చూస్తే మాత్రం తెలుగువాడు ఉలిక్కిపడక మానడు. అన్నీ గుండ్రని అక్షరాలే! తెలుగే అనిపిస్తుంది, చదవబోతే రాదు. రెండు లిపులకూ మూలం దక్షిణ భారతదేశపు ప్రాచీన లిపులే. తాటాకు మీద గంటంతో గీటు గీస్తే ఆకు చీలుతుంది కనుక అక్షరం గుండ్రబడినదని చెబుతారు. వర్ణమాల క్రమం కూడా క, ఖ, గ, ఘ, ఙ అనే నడుస్తుంది.

ఈ వర్ణమాలతోనే వారి పేర్లు ముడిపడి ఉన్నాయి. బర్మీయులకు ఇంటిపేరు లేదు. పుట్టిన వారాన్ని బట్టి పేరులోని తొలి అక్షరాన్ని నిర్ణయించడం సంప్రదాయం. సోమవారం పుట్టినవారికి కవర్గం, గురువారం పవర్గం, శనివారం తవర్గం. మనం జన్మనక్షత్ర పాదాన్ని బట్టి అక్షరం ఎంచుకొన్నట్లే. వారానికి ఏడు రోజులైనా వారికి ఎనిమిది దిక్కులకు ఎనిమిది వారాలు కావాలి కనుక బుధవారాన్ని రెండుగా చీల్చారు. ఉదయం పుట్టినవారికి దంతాలున్న ఏనుగు గుర్తు, మధ్యాహ్నం తరువాత పుట్టినవారికి దంతాలు లేని ఏనుగు. ఆ రెండవ భాగానికి అధిపతి రాహువు. యాంగోన్‌లోని ష్వేడగోన్ పగోడా చుట్టూ ఈ వారాల పీఠాలున్నాయి. ఎవరి వారపు పీఠం వద్ద వారు బుద్ధ విగ్రహానికి నీళ్ళు పోస్తారు. దాదాపు 99 మీటర్ల ఎత్తున బంగారు రేకుల తొడుగుతో మెరిసే ఆ స్తూపంలో బుద్ధుని ఎనిమిది కేశాలు నిక్షిప్తమై ఉన్నవని వారి విశ్వాసం.

ఏప్రిల్ నడుమ వచ్చే వారి సంవత్సరాది పేరు తింజాన్. ఇది "సంక్రాంతి" శబ్దమే. మనకు మేష సంక్రమణం వచ్చే రోజులే అవి. మూడు నాలుగు రోజులపాటు దేశమంతా ఒకరిపై ఒకరు నీళ్ళు చల్లుకొంటారు. స్త్రీ పురుషులిరువురూ లుంగీ వంటి లోంజీ కట్టుకొంటారు, స్త్రీలూ పిల్లలూ చెక్కతో అరగదీసిన తనఖా గంధాన్ని చెంపలకు పూసుకొంటారు. బజారులో గల్లా పెట్టె దగ్గర కూర్చునేది ఎక్కువగా స్త్రీలే. తేయాకును మనం త్రాగి ఊరుకొంటాము, వారు ఊరవేసి నువ్వులు, వేయించిన పప్పులు, వెల్లుల్లి కలిపి తింటారు కూడా. నా భార్యకు అది ఎంతగా నచ్చినదంటే రెండు పొట్లాలు ఇంటికి తెచ్చుకొన్నది. పులియబెట్టిన చేపల ముద్ద "ఙాపీ" విషయంలో మాత్రం ఇద్దరమూ ఓటమి అంగీకరించాము.

టేకు, చమురు, వరి

బర్మా సంపద అంతా నది వెంబడే దిగివచ్చినది. టేకునే చూడండి. పచ్చి టేకు దుంగ నీటిలో మునిగిపోతుంది. అందుచేత చెట్టు మొదట చుట్టూ బెరడును వలయంగా చెక్కి, రెండు మూడేళ్ళు నిలువునా ఎండనిచ్చి, అప్పుడు నరుకుతారు. ఏనుగులు దుంగలను వాగుల వరకు ఈడ్చుకువస్తాయి. వానలు పడి వాగు పొంగినపుడు దుంగలు నదికి చేరుతాయి, అక్కడ తెప్పలుగా కట్టి రంగూనుకు తేల్చుకుపోతారు. అడవిలో నరికిన చెట్టు రేవుకు చేరడానికి ఏళ్ళు పట్టేది. మా ఇంటి పెట్టె చెక్క ఇన్ని అవస్థలు పడి వచ్చినదే. ఈ టేకు కోసమే ఒక రాజ్యం పోయినది. బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ దుంగల లెక్క తక్కువ చూపినదని తీబో రాజు ప్రభుత్వం భారీ జరిమానా వేయగా, దానిని సాకుగా చేసుకొని 1885లో బ్రిటిషువారు మాండలేను ఆక్రమించారు. రాజును మన రత్నగిరికి ప్రవాసం పంపారు, 1916లో అక్కడే మరణించాడు. అంతకు పూర్వం మన చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను రంగూనుకు పంపగా, 1862లో ఆయన అక్కడ మరణించాడు. ఇద్దరి సమాధులూ పరాయి గడ్డ మీదనే ఉన్నాయి.

చమురు రంగంలో పనిచేసే పాఠకులకు ఏనాంజావ్ పేరు ఆసక్తి కలిగించవచ్చు. "కంపునీటి వాగు" అని దాని అర్థం. యంత్రాలు రాకముందే అక్కడ ఇరవైనాలుగు కుటుంబాలవారు వంశపారంపర్య హక్కుతో చేతితో బావులు త్రవ్వి చమురు తోడేవారు. బావిలోకి దిగే మనిషి ముందుగానే కళ్ళకు గంతలు కట్టుకొని కూర్చునేవాడు. లోపలి విషవాయువుల మధ్య కొద్దిసేపే ఉండగలడు కనుక, ఆ కాస్త వ్యవధినీ కళ్ళు చీకటికి అలవాటు పడటంలో పోగొట్టుకోకుండా ఉండటానికి. 1886లో ఏర్పడిన బర్మా ఆయిల్ కంపెనీ అక్కడ డ్రిల్లింగు ప్రారంభించి, తరువాత సిరియం చమురుశుద్ధి కర్మాగారానికి పైపులైను వేసినది. ఆ కంపెనీ లాభాలే 1909లో ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీకి పెట్టుబడి అయినవి. 1928లో షెల్‌తో కలిసి అది భారతదేశంలో బర్మాషెల్‌గా వ్యాపారం సాగించినది. 1976లో భారత ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్న ఆ సంస్థే నేటి భారత్ పెట్రోలియం. మన చమురు పరిశ్రమ వంశవృక్షంలో ఒక వేరు ఐరావతి ఒడ్డున ఉన్నదన్నమాట.

వరి కథ వేరు. ఐరావతీ డెల్టా 1850 ప్రాంతానికి చాలావరకు చిత్తడి అడవి. దోమలు, పులులు, మలేరియా. 1852 యుద్ధంతో అది బ్రిటిషువారి చేతికి వచ్చినది, 1869లో సూయజ్ కాలువ తెరుచుకొన్నది. ఎగువ ప్రాంతాల నుండి రైతులు దిగి వచ్చి అడవి నరికారు. దున్నినవాడు బర్మీయుడు, అప్పు ఇచ్చినవాడు తమిళ చెట్టియారు, మిల్లు యజమాని చాలావరకు ఐరోపావాడు, మూట మోసినవాడు ఎక్కువగా తెలుగువాడు. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు ఏటా దాదాపు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేస్తూ బర్మా ప్రపంచంలో మొదటి స్థానంలో ఉండేది. 1930 తరువాత ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర సగానికి పైగా పడిపోయినది. అప్పు తీర్చలేని రైతుల భూములు తాకట్టు నుండి జప్తులోకి వెళ్ళాయి. 1930లో దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాలలో ఆరు శాతంగా ఉన్న చెట్టియార్ల భూమి, ఆ దశాబ్దం చివరికి నాలుగవ వంతు అయినది. అడవి నరికినవాని మనుమడు అదే పొలంలో కౌలుదారుగా మిగిలాడు.

రంగంలో మనవారు

1931 జనగణన నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులున్నారు. వారిలో తెలుగువారు సుమారు లక్షన్నర. నాలుగు లక్షల రంగూను జనాభాలో సగానికి మించి భారతీయులే. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవులలో స్టీమరెక్కి వరికోతల నాటికి చేరుకొని, మిల్లుల పని ముగిసిన పిదప తిరిగివచ్చేవారు అనేకులు. మేస్త్రీ ముందుగా అప్పు ఇచ్చి తీసుకుపోయేవాడు, కూలిలో కోత కోసేవాడు. రేవులో కళాసీలు, రిక్షా లాగేవారు, బియ్యపు మిల్లు కూలీలు, పాకీపనివారు – నగరం నడిచినది వీరి భుజాల మీదనే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరిట బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అనేవారు. ఒక ప్రసిద్ధ ఓడరేవు పేరు అక్కడ క్రమంగా కూలివాడనే చిన్నచూపు మాట అయినది.

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కళాసీలు కూలి పెంపు కోరుతూ సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొన్నవి. సమ్మె పరిష్కారమై పాతవారు పనికి రాగానే బర్మీయులను పొమ్మన్నారు. మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట నగరమంతా వ్యాపించి, వందమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు తెలుగువారు. ఈ ఘట్టాన్ని మనవారు చెప్పుకొనేటప్పుడు బర్మీయుల దౌర్జన్యంగా చెప్పుకొంటారు. అది సగం నిజమే. ఇరవై రోజులు పని దొరికి, మరునాడు పోగొట్టుకొన్న బర్మా కూలివాని ఆకలి కూడా ఆకలే. ఇద్దరు పేదవారిని ఎదురెదురుగా నిలబెట్టినవారి మీద దెబ్బ పడలేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. స్టీమరు టిక్కెట్లు డబ్బున్నవారికే దొరికాయి. సుమారు ఐదు లక్షల మంది భారతీయులు బర్మాను విడిచారు, వారిలో చాలామంది కొండదారుల వెంట నడిచారు. మా తాతగారు ప్రోమ్ వరకు వెళ్ళి, అక్కడి నుండి అరకాన్ యోమా దాటి తౌంగుప్ చేరి, పడవలో చిట్టగాంగు వైపు వచ్చారు. ఆ దారిలో నీరు లేదు, కలరా ఉన్నది. వేలమంది మధ్యలోనే రాలిపోయారు. బయలుదేరినపుడు తన జట్టులో పదకొండుమంది ఉన్నారని ఆయన చెప్పేవారు. చేరినవారెందరో చెప్పేవారు కారు. మేమూ అడగలేదు.

మూసిన తలుపులు

బర్మా 1937 వరకు పాలనారీత్యా భారతదేశంలో ఒక రాష్ట్రం. 1948 జనవరి 4న స్వతంత్రమైనది. స్వాతంత్ర్య సారథి ఆంగ్ సాన్ అంతకు ఆరునెలల ముందే, 1947 జులై 19న, సహచరులతో సహా హత్యకు గురయ్యాడు. కొండ ప్రాంతాల జాతులతో ఆయన కుదుర్చుకొన్న అవగాహన ఆయనతోనే చెదరిపోయినది. అధికార లెక్కల ప్రకారం 135 జాతులున్న ఆ దేశంలో అంతర్యుద్ధం నాటి నుండి పూర్తిగా ఆగినదే లేదు.

1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకొన్నాడు. చమురు, బ్యాంకులు, మిల్లులు, చివరకు చిల్లర దుకాణాలు కూడా జాతీయమైనవి. 1964లో పెద్ద నోట్లు రద్దయినవి. సుమారు మూడు లక్షల మంది భారతీయులు ఆ దశకంలో చేతి సంచులతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో కంచరపాలెం ప్రాంతపు బర్మా క్యాంపు ఆ నాటి జ్ఞాపకమే. ప్రభుత్వరంగ సంస్థలో జీవితం గడిపిన నేను జాతీయీకరణను తప్పనలేను. కాని నడపగలవారిని వెళ్ళగొట్టి, సైనికాధికారులను మిల్లులకు మేనేజర్లుగా కూర్చోబెడితే అది జాతీయీకరణ అనిపించుకోదు. రైతు నుండి ప్రభుత్వం కారుచౌకగా ధాన్యం సేకరించినది, రైతు పండించడం తగ్గించాడు. 1987లో మళ్ళీ నోట్లు రద్దు చేసి, తొమ్మిదితో భాగించబడే 45, 90 చాట్ల నోట్లు ముద్రించారు. నియంత అదృష్టసంఖ్య తొమ్మిది అని జనం చెప్పుకొన్నారు. ఒకనాడు లోకానికి అన్నం పెట్టిన దేశాన్ని ఐక్యరాజ్యసమితి అదే సంవత్సరం అత్యల్పాభివృద్ధి దేశాల జాబితాలో చేర్చినది.

మేము వెళ్ళిన 2015 ఆశల సంవత్సరం. ఎటు చూచినా కొత్త సెల్‌ఫోన్ దుకాణాలు. ముడి టేకు దుంగల ఎగుమతి 2014లో నిషేధించారు. మ్యిత్‌సోన్ వద్ద చైనా సాయంతో తలపెట్టిన 6,000 మెగావాట్ల ఆనకట్టను ప్రజల వ్యతిరేకత వలన 2011లో నిలిపివేశారు. సముద్రగర్భంలోని ష్వే క్షేత్రం నుండి సహజవాయువు 2013లో చైనాకు ప్రవహించసాగినది. ఆ క్షేత్రంలో మన ఓఎన్‌జీసీ విదేశ్, గెయిల్ సంస్థలకు భాగస్వామ్యం ఉన్నది. మన వాటా ఉన్న వాయువు మన వైపు రాకుండా చైనాకు పోవడం విచిత్రమే. ఆ నవంబరు ఎన్నికలలో ఆంగ్ సాన్ సూకీ పార్టీ ఘనవిజయం సాధించినది.

ఆ ఆశలు ఎంతో కాలం నిలువలేదు. 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు సైనిక దమనకాండకు భయపడి బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మరల అధికారం హస్తగతం చేసుకొన్నది. తరువాత చెలరేగిన అంతర్యుద్ధంలో ముప్ఫై లక్షల మందికి పైగా సొంత దేశంలోనే ఇళ్ళు విడిచారు. కోల్‌కతాను మిజోరంతో కలపవలసిన కలాదాన్ మార్గంలో సిత్వే రేవు 2023లో పని ప్రారంభించినా, ఆవలి దారి యుద్ధభూమిలో ఉన్నది.

పడవలో పరిచయమైన పంతులుతో నాకు ఇప్పటికీ ఫోనులో సందేశాలు నడుస్తున్నాయి. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం పప్పుల దిగుమతిపై పరిమితి విధించినపుడు వారి ఊరిలో కందుల ధర ఒక్కసారిగా కూలిపోయినది. ఆ ఏడు అతడు వ్రాసిన ఉత్తరంలో నిష్ఠూరం లేదు. అప్పు ఎంత మిగిలినదో మాత్రం వ్రాశాడు. నాకు జవాబు తోచలేదు. ఇక్కడ మన రైతుకు కూడా ధర రావాలి కదా అని వ్రాయబోయి చెరిపివేశాను. 2021లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకొని, ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు ఐదేళ్ళపాటు తీసుకొనుటకు అంగీకరించినపుడు ఆ వార్త అతనికి ముందుగా చెప్పినది నేనే.

2025 మార్చి 28న మాండలే, సగాయింగ్ ప్రాంతాన్ని 7.7 తీవ్రతగల భూకంపం కుదిపివేసి, మూడు వేల మందికి పైగా ప్రాణాలు తీసినది. మేము పడవలో నుండి చూచిన, 1934లో కట్టిన ఆవా వంతెన నదిలోకి కూలిపోయినది. అతని నుండి మూడు వారాలు కబురు లేదు. తరువాత ఒక సందేశం వచ్చినది. ఇంటి గోడ బీటలు వారినది, అందరూ క్షేమమే, బడి ఆరుబయట నడుస్తున్నది. చివరి వాక్యం ఇది: "ఈ సంవత్సరం మీవాళ్ళు కందులు కొంటారా?"